మీ కప్పు సరిగ్గానే ఉంది, తప్పంతా బ్యాండుది

మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. పదేళ్ళుగా 36బి బ్రా వేసుకుంటున్నారు. పట్టీలు రోజంతా జారుతుంటాయి, బిగిస్తే భుజాల మీద గాట్లు పడతాయి. వెనక హుక్కులు సాయంత్రానికి మెడవైపు పాకుతాయి. రెండు నెలల కిందట పరుగు మొదలుపెట్టారు, ఊగకుండా ఉండాలని ఒకదాని మీద ఒకటి రెండు బ్రాలు వేస్తున్నారు, అయినా నొప్పి తగ్గలేదు. గజ్జల్లో, తొడల మధ్య ఒరుసుకుపోతోంది. రొమ్ము కింద చుట్టుకొలత 31.5 అంగుళాలు, రొమ్ము మీదుగా 36 అంగుళాలు. ఆ రెండంకెలూ ఇచ్చి నా పని సగం తగ్గించారు.

లోదుస్తుల దుకాణంలో, ట్రయల్ రూము బయట, టేపు మెడలో వేసుకుని ఇరవై ఏళ్ళు నిలబడినదాన్ని. మీలాంటి ఫిర్యాదు వినని వారం లేదు. "మేడం, నా భుజాలే సరిగ్గా లేవు" అంటూ వచ్చేవాళ్ళు. భుజాలు ఏ పాపమూ చేయలేదు.

మీ సైజు 32డి. ఉలిక్కిపడకండి, చెప్తాను.

మీకు 36 అన్న అంకె ఎలా అంటుకుందో ఊహించగలను. ఎవరో బట్టల మీదనుంచే రొమ్ము చుట్టూ టేపు తిప్పి ఉంటారు, 36 వచ్చింది, 36 చేతిలో పెట్టారు. బి అన్నది ఏమీ తోచనప్పుడు అందరికీ ఇచ్చే అక్షరం. కానీ బ్రా మీద ఉండే అంకె రొమ్ము కొలత కాదు, రొమ్ము కింద పక్కటెముకల చుట్టూ ఉండే బ్యాండు కొలత. అక్కడ మీరు 31.5 ఉన్నారు. నాలుగున్నర అంగుళాలు ఎక్కువున్న నడుంపట్టీ వేసుకుంటే ప్యాంటు నిలుస్తుందా? బ్రా కూడా అంతే. బ్యాండు వదులైతే ముందున్న బరువు దాన్ని కిందికి లాగుతుంది, వెనక భాగం పైకి లేస్తుంది. వెనక పైకి లేస్తే పట్టీలు వదులై జారతాయి. జారుతున్నాయని మీరు బిగిస్తారు, బిగిస్తే బ్యాండు ఇంకా పైకి పోతుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. మీరు చెప్పిన మూడు బాధలూ ఒకే దారానికి గుచ్చిన పూసలు.

ఇక అక్షరం సంగతి. రొమ్ము మీది కొలతలోంచి బ్యాండు అంకె తీసేస్తే ఎంత మిగులుతుందో అదే అక్షరం. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండుకి బి, మూడుకి సి, నాలుగుకి డి. మీకు 36లోంచి 32 పోతే నాలుగు. అంతే. డి అనగానే భారీగా ఊహించుకుని సిగ్గుపడేవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు. బ్యాండు అంకె లేకుండా ఉత్త అక్షరానికి అర్థం లేదు. 30డి కప్పులో పట్టేది 36ఏ కప్పులోనూ పడుతుంది. బ్యాండు ఒక సైజు తగ్గినప్పుడల్లా అక్షరం ఒకటి పెరిగితే కప్పు లోపలి చోటు మారదు. అలాంటి జోడీల్ని సిస్టర్ సైజులు అంటారు. ఇప్పుడు మీది చూడండి: 36బి, 34సి, 32డి, మూడింటి కప్పూ ఒకటే! పదేళ్ళుగా మీ కప్పు సరిగ్గానే ఉంది. అందుకే ముందునుంచి చూస్తే బాగానే కనబడి ఉంటుంది, ఎవరికీ అనుమానం రాలేదు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఒక చిక్కు ఉంది. బ్రిటిష్ 32ని యూరప్ లేబుళ్ళ మీద 70 అని, ఫ్రెంచి వాటి మీద 85 అని రాస్తారు. డి దాటాక అందరి అక్షరాలూ విడిపోతాయి. బ్రిటిష్ వాళ్ళు డిడి, ఆ తర్వాత ఈ (E) అంటారు, అమెరికన్లు డిడి, డిడిడి అంటారు, యూరప్‌లో డి తర్వాత నేరుగా ఈ (E). మీకు డి కాబట్టి ఈ గొడవ అంతగా తగలదు గానీ, ప్రతి కంపెనీ చార్టూ ఒకసారి చూసే కొనండి.

టేపు ఇంకోసారి వేయండి, ఈసారి నేను చెప్పినట్టు. అద్దం ముందు, పైన ఏమీ లేకుండా. ఊపిరి పూర్తిగా వదిలేసి, రొమ్ము కింద టేపు నేలకి సమాంతరంగా, గట్టిగా చుట్టాలి. వెనక టేపు కిందికి జారితే అంకె పెరిగిపోతుంది, అద్దంలో పక్కకి తిరిగి చూసుకోండి. పైకొలత మటుకు వదులుగా, నొక్కకుండా తీయాలి. నిలబడి ఒకసారి, నడుము దగ్గర వంగి ఒకసారి తీసి రెండింటికీ సగటు వేయండి. మెత్తగా, కిందికి వాలి ఉండేవాళ్ళకి నిలబడి తీస్తే తక్కువ వస్తుంది. కింది కొలతకి నాలుగంగుళాలు కలపమని కొందరు ఇప్పటికీ చెప్తారు. సాగని బట్టతో బ్రాలు కుట్టిన రోజుల్లో అలా కలిపేవాళ్ళు. ఇప్పటి బ్యాండుకి సాగే గుణం ఉంది, కలపకండి.

ఇంత లెక్క చెప్పి నేనే అంటున్నాను, ఈ అంకె ట్రయల్ రూముదాకా తీసుకెళ్ళే దారి మాత్రమే. లోపల తీర్పు చెప్పేది మీ ఒళ్ళు. నేను అందరితో చేయించే పరీక్ష ఒకటుంది. బ్రాని తిరగేసి, కప్పులు వీపు మీదికి వచ్చేలా, హుక్కులు ముందు పెట్టుకోండి. అప్పుడు కప్పు ప్రమేయం లేకుండా బ్యాండు బిగువు ఒక్కటే తెలుస్తుంది. బిగుతుగా ఉండి, రెండు వేళ్ళు దూరి, ఊపిరి హాయిగా ఆడితే అదే మీ బ్యాండు. కొత్తగా కొనేటప్పుడు ఇది అన్నిటికంటే బయటి వరస హుక్కు మీద సరిపోవాలి. లోపలి వరసలు ఇప్పటికి కాదు, వాడగా వాడగా ఎలాస్టిక్ సాగినప్పుడు వాటికి మారాలి. కొత్త బ్రాని మొదటిరోజే లోపలి ఆఖరి హుక్కుకి పెట్టాల్సి వచ్చిందంటే అది మీది కాదు.

తర్వాత మామూలుగా వేసుకుని ముందుకి వంగి, చెయ్యి కప్పులోకి పోనిచ్చి, చంక పక్కన ఉన్న మెత్తటి భాగాన్నంతా మెల్లగా కప్పులోకి తెచ్చుకోండి. చాలామంది చంక కొవ్వు అనుకునేదాంట్లో కొంత రొమ్మే కావచ్చు, చిన్న కప్పు దాన్ని అటు తోసేసి ఉంటుంది. ఇలా సర్దుకున్నాక పైన పొంగి రెండు మడతల్లా కనబడితే కప్పు చాలడం లేదు, ఒక అక్షరం పైకి వెళ్ళండి. వైరు ఉన్నదైతే ఆ వైరు రొమ్ము మీద కాకుండా దాని మొదలు చుట్టూ, పక్కటెముకల మీద కూర్చోవాలి, మధ్య భాగం ఎముకకి ఆనాలి. ఆఖరిగా రెండు పట్టీలూ భుజాల మీదనుంచి దించేసి నాలుగడుగులు నడవండి. బ్రా ఉన్నచోటే ఉందా? ఉంటే మోసే పని బ్యాండు చేస్తున్నట్టు లెక్క. జారి పొట్టమీదికి వస్తే మళ్ళీ కథ మొదటికే. మీ 36బితో ఇవాళే ఇంట్లో చేసి చూడండి, నా మాట నమ్మనక్కర్లేదు.

కప్పు పైన ఖాళీ వస్తే మాత్రం వెంటనే చిన్నది తీసుకోకండి. కొందరికి నిండుదనం కిందిభాగంలో ఉంటుంది, పైన పలచగా ఉంటుంది. వాళ్ళకి మొత్తం కప్పేసే ఫుల్ కప్పులో పైన ఎప్పుడూ ముడతలే. సగం కప్పు, అంటే బాల్కనెట్ లాంటి కోత, అదే సైజులో అతికినట్టు సరిపోతుంది. భుజాలు వాలి ఉన్నవాళ్ళు పట్టీలు దగ్గరగా కుట్టినవి చూసుకోవాలి, లేకపోతే బ్యాండు ఎంత బాగున్నా జారతాయి. రెండు రొమ్ములూ ఒకే కొలతలో ఉండకపోవడం సహజం. పెద్దదానికి సరిపడే కప్పు తీసుకుని, రెండోవైపు పలచటి ప్యాడ్ పెట్టుకోవడమే మార్గం, చిన్నదానికి సరిచూస్తే పెద్దది నలిగిపోతుంది.

ఇప్పుడు పరుగు. ఇక్కడే మీకు నిజంగా ఖర్చు పెట్టుకోదగ్గ విషయం ఉంది.

రొమ్ములో కండరం లేదు. దాన్ని పట్టి ఉంచేది పైన చర్మం, లోపల కూపర్ లిగమెంట్లు అనే సన్నటి పొరలు, అంతే. కాబట్టి ఏ వ్యాయామమూ రొమ్ముని బిగించలేదు, దాని వెనక ఉన్న ఛాతీ కండరాన్ని మాత్రమే పెంచుతుంది. పరిగెత్తేటప్పుడు రొమ్ము కిందికీ పైకీ మాత్రమే ఊగుతుందనుకుంటాం. పక్కలకీ, ముందుకీ వెనక్కీ కూడా కదులుతుంది, మూడు దిక్కులూ కలిసి ఎనిమిది అంకె ఆకారంలో తిరుగుతుంది. బ్రిటన్‌లో పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఏళ్ళ తరబడి ఈ ఒక్క విషయమే కొలుస్తున్నారు. మామూలు బ్రా ఇంత తిరుగుడిని ఆపడానికి కుట్టింది కాదు. దాని మీద ఇంకొకటి వేస్తే రెండు వదులు బ్యాండులు అవుతాయి గానీ ఒక గట్టి బ్యాండు అవదు. పైగా పక్కటెముకలు బిగిసి ఊపిరి అందదు, మధ్యలో చెమట ఉడుకుతుంది.

1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే ఆవిడకి సరిగ్గా మీ సమస్యే వచ్చింది. పరుగు అలవాటు, ఏ బ్రా పనికిరాలేదు. స్నేహితురాళ్ళు పాలీ స్మిత్, హిండా మిల్లర్‌లతో కలిసి, మగ ఆటగాళ్ళు లోపల వేసుకునే సపోర్టర్లు రెండు తెచ్చి కలిపి కుట్టారు. మొదటి స్పోర్ట్స్ బ్రా అలా పుట్టింది, జాగ్‌బ్రా అని అమ్మారు. అంతకుముందు పరిగెత్తిన ఆడవాళ్ళందరూ ఏం చేసేవాళ్ళో తలుచుకుంటే నాకు ఇప్పటికీ జాలి.

ఆ కుట్టు ఛాతీకి అదిమిపట్టే పద్ధతి. తలమీదుగా తొడుక్కునే, కప్పుల్లేని స్పోర్ట్స్ బ్రాలన్నీ ఈ జాతివే. చిన్న రొమ్ములున్నవాళ్ళకి, యోగాకి, నడకకి అది చాలు. రెండో పద్ధతిలో మామూలు బ్రాలాగే రెండు విడివిడి కప్పులుంటాయి, ఒక్కోదాన్ని విడిగా చుట్టి పట్టుకుంటాయి. మీ కొలతకి, అందులోనూ పరుగుకి, విడి కప్పులు ఉండి పైన అదిమే పొర కూడా ఉన్నది తీసుకోండి. ఎస్, ఎం, ఎల్ అని అమ్మేది వద్దు, బ్యాండు అంకె, కప్పు అక్షరం రాసి ఉన్నదే కొనండి. వెనక హుక్కులుండాలి, పట్టీలు వెడల్పుగా ఉండి సర్దుకునే వీలుండాలి. వీపు మీద పట్టీలు కలిసిపోయే రేసర్‌బ్యాక్ జారదు, అందుకని అందరూ ఎగబడతారు. కానీ అందులో చాలావాటికి పట్టీ పొడవు మార్చుకునే వీలుండదు, మెడ మొదట్లో లాగుతుంది. పట్టీల్ని నిటారుగానూ, అడ్డంగా క్రాస్ చేసీ పెట్టుకోగల రకం దొరికితే అదే మేలు. లేబుల్ మీద లో, మీడియం, హై ఇంపాక్ట్ అని ఉంటుంది. పరుగుకి హై. సైకిల్‌కి, బరువులెత్తడానికి మీడియం సరిపోతుంది.

ట్రయల్ రూములో నిలబడి అద్దం చూసుకుని కొనేస్తే డబ్బు నీళ్ళపాలు. ఇరవై సార్లు ఎగరండి, ఉన్నచోటే పరిగెత్తండి, చేతులు పైకెత్తండి, ముందుకి వంగండి, పొట్టనిండా ఊపిరి పీల్చండి. బయటివాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, మా చెవులకి ఆ దబదబలు అలవాటే. చేతులెత్తినప్పుడు కింది అంచు పైకి జరిగితే బ్యాండు పెద్దది. చంక దగ్గర అంచు గీసుకుంటే కోత మీది కాదు. ఇది మామూలు బ్రాకంటే కాస్త బిగుతుగానే ఉండాలి, అయితే మాట్లాడుతుంటే ఊపిరి తెగకూడదు. తలమీదుగా ఇట్టే జారిపోయేది పరుగులోనూ అలాగే జారుతుంది.

పరుగుకి నూలు వద్దు. నూలు చెమటని పీల్చుకుని తనలోనే ఉంచుకుంటుంది, బరువెక్కి, తడిగా చర్మాన్ని ఒరుస్తుంది. చెమటని బయటి పొరకి లాగి ఆరబెట్టే పాలిస్టర్ లేదా నైలాన్, అందులో కొంత స్పాండెక్స్ కలిసిన బట్ట మంచిది. ఎలాస్టేన్ అన్నా, లైక్రా అన్నా స్పాండెక్సే. లోపలి కుట్లు ఉబ్బెత్తుగా లేకుండా చదునుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. దూరం పరిగెత్తే రోజున కింది అంచు తగిలేచోట కాస్త వాసెలిన్ రాసుకుంటే ఒరుసుకుపోదు. తొడల మధ్యకీ అదే మందు.

గజ్జల్లో ఒరుపుకి కారణం ప్యాంటీ సైజు కావచ్చు. నడుము చూసి కొంటారు అందరూ. చూడాల్సింది తుంటి, పిరుదులు అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట చుట్టుకొలత. కాళ్ళ దగ్గర ఎలాస్టిక్ గాటు పెడితే ఒక సైజు పైకి వెళ్ళండి, లేదా తొడలదాకా వచ్చే బాయ్‌షార్ట్ రకం వేయండి. రోజువారీకి నూలువే మంచివి. ఏ బట్టదైనా మధ్యన రెండో పొరగా ఉండే గుడ్డ మాత్రం నూలుదై ఉండాలి, గాలి ఆడని బట్టలో తడి నిలిస్తే ఫంగస్‌కి పండగ. పరుగు నుంచి రాగానే స్నానం కుదరకపోయినా తడి ప్యాంటీ, తడి బ్రా విప్పేయండి. ఈ ఒక్క అలవాటుతో సగం దురదలు పోతాయి. రొమ్ము కింది మడతలో ఎర్రగా ఒరిసి వాసన వస్తుంటే పౌడరు దట్టించకండి, మడతని ఆరబెట్టి చర్మం డాక్టరుకి చూపించండి.

లెగ్గింగ్స్ గురించి రెండు ముక్కలు. వెలుతురులో గుంజీ తీసి వెనకనుంచి అద్దంలో చూడండి, బట్ట పలచబడి లోపలిది కనబడితే వదిలేయండి. కాళ్ళ మధ్య నాలుగు కుట్లు ఒకేచోట కలవకుండా పలకలాంటి ముక్క వేసి కుట్టినవి ఒరుసుకోవు. నడుము పట్టీ చుట్టుకుపోతుంటే సైజు చిన్నదని గానీ, ఎత్తు మీ నడుముకి కుదరలేదని గానీ అర్థం.

ఇంత వెతికి కొన్నదాన్ని వాషింగ్ మెషీన్‌లో మిగతా బట్టలతో కలిపి తిప్పకండి. హుక్కులు పెట్టి, వల సంచీలో వేసి, చన్నీళ్ళతో. కుదిరితే చేత్తోనే ఉతకండి, పిండి మెలితిప్పొద్దు. క్లోరిన్ బ్లీచ్, వేడి, ఈ రెండూ స్పాండెక్స్‌ని చంపేస్తాయి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ పోగుల మీద పొరలా పట్టుకుని చెమట పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది, కాబట్టి వ్యాయామం బట్టలకి అది వద్దు. నీడలో, పట్టీలకి కాకుండా మధ్యభాగం పట్టి ఆరేయండి. ఒకే బ్రాని రోజూ వేయకుండా మూడిటిని మార్చి మార్చి వాడితే ఎలాస్టిక్ తేరుకుంటుంది. లోపలి హుక్కు మీద కూడా బ్యాండు పైకి పాకుతోందంటే దానికి కాలం చెల్లింది, ఎంత ఇష్టమైనదైనా సరే.

మీరు అడగలేదు గానీ అడగబోయేది నాకు తెలుసు. వైరు వల్ల కేన్సర్ రాదు, నల్లబ్రా వల్లా రాదు. అమెరికాలో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్‌సన్ పరిశోధన కేంద్రంవాళ్ళు 2014లో దాదాపు 1,500 మంది స్త్రీల అలవాట్లు పరిశీలించారు. రోజుకి ఎన్ని గంటలు వేసుకున్నా, వైరు ఉన్నా లేకపోయినా, కప్పు ఏదైనా సంబంధం కనబడలేదు. రాత్రి వేసుకు పడుకోవడం మీ ఇష్టం, దాంతో వాలడం ఆగదు, విప్పితే నష్టమూ లేదు. వాలడానికి కారణాలు వేరు. వయసు, గర్భాలు, బరువు బాగా పెరిగి తగ్గడం, పొగతాగడం. పాలివ్వడం ఆ జాబితాలో లేదు, పాపం దానికి ఊరికే పేరొచ్చింది. సైజు మార్చాక కూడా నొప్పి ఒకేవైపు ఉండిపోయినా, గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి ఏదైనా కారినా మాత్రం బ్రా మీదికి నెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

32డి మొదటి రెండ్రోజులూ మీకు బిగుతుగా అనిపించి తీరుతుంది, పదేళ్ళు వదులుకి అలవాటుపడ్డ ఒళ్ళు. విప్పాక పడే ఎర్రగీతలు కాసేపట్లో పోతే పర్వాలేదు. గంట దాటినా ఉంటే, లేదా కూర్చున్నప్పుడు ఊపిరి ఇరుకైతే 34సి ప్రయత్నించండి, కప్పు ఎలాగూ అదే. ఒకేసారి అరడజను కొనొద్దు. ఒకటి కొని వారం తిరిగి, ఆ తర్వాత మిగతావి. పాత 36బిలు పారేయకండి. నెలసరికి ముందు ఒళ్ళు ఉబ్బి ఏదీ తగలనివ్వని రోజులు ఉంటాయి కదా, అప్పుడు ఇంట్లో ఆ వదులే హాయి.